నూరో రోజు దాటాక

మన నవలల్లో జబ్బులకి తీరిక తక్కువ. హీరోకి దగ్గొస్తుంది, జేబురుమాలు మీద ఎర్రటి మరక కనిపిస్తుంది, డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. మరో రెండు ప్రకరణాల్లో ఆ మనిషి పోతే పోతాడు, లేకపోతే విదేశాల నించి దిగిన స్పెషలిస్టు పుణ్యమా అని లేచొచ్చి పెళ్ళిపీటల మీద కూర్చుంటాడు. మధ్యలో ఏం జరిగిందో రచయితకి పట్టదు, మనమూ అడగం. సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1981లో ‘ప్రేమాభిషేకం’లో నాగేశ్వరరావుగారు కేన్సరు దాచిపెట్టి ప్రియురాలి మనసు విరవడానికి పడిన పాట్లకి హాలు హాలంతా ముక్కు చీదింది. నేనూ చీదాను, అబద్ధమెందుకు. 1989లో ‘గీతాంజలి’ వచ్చేసరికి హీరోకీ జబ్బే, హీరోయిన్‌కీ జబ్బే. అయినా ఊటీ మంచులో ఇద్దరూ ఎంత ముచ్చటగా పరిగెత్తారో! ఇన్ని జబ్బులు చూశాను గానీ, మంగళవారం పొద్దున్న రక్తం ఇచ్చి, బుధవారం ఫలితం వచ్చేదాకా గోడవైపు చూస్తూ కూర్చున్న రోగిని ఏ సినిమాలోనూ చూసిన గుర్తులేదు.

ఎదురుచూపు మనకి తెలియని విద్యేం కాదు. అలంకారశాస్త్రం అష్టవిధ నాయికలని లెక్క చెబితే అందులో సగంమంది గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నవాళ్ళే. ఇల్లూ ఒళ్ళూ సింగారించుకుని చూసే ఆవిడ వాసకసజ్జిక, ఇంకా రాలేదేమని కుమిలే ఆవిడ విరహోత్కంఠిత, దేశాంతరం పోయినవాడి కోసం చూసే ఆవిడ ప్రోషితభర్తృక. వచ్చేదెవరో, రాకపోతే ఎవర్ని తిట్టాలో వాళ్ళకి తెలుసు. తెల్లకణాల కోసం ఎదురుచూసే నాయికకి మాత్రం తొమ్మిదో పేరు ఎవరూ పెట్టలేదు.

ఈ లోటు నాకు ఇన్నాళ్ళకి తట్టడానికి కారణం మా తోడికోడలు. 41 ఏళ్ళ మనిషి. ఇంట్లో ఉందంటే పది గదులకి వినపడేది. నిరుడు రక్తకేన్సరన్నారు. సొంత తమ్ముడి మూలకణాలు సరిపడటంతో స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. ఇప్పుడు ఊరుకాని ఊళ్ళో, ఆసుపత్రికి దగ్గర్లో ఒక అద్దె వాటాలో, తల్లిని తోడు పెట్టుకుని ఉంది. ఇది రాస్తున్న నాటికి 63వ రోజు. ‘ఎక్కించడం అయిపోయిందిగా, ఇంకా ఇంటికి రాదేం?’ అని అడిగే చుట్టాలకి జవాబు చెప్పీ చెప్పీ, అసలీ కాలాన్ని ఎవరన్నా రాశారా అని వెతకడం మొదలెట్టాను. దొరికినవి ఒక పుస్తకం, ఒక సినిమా, ఆ పుస్తకం పేరు పట్టుకుని పోతే ఇంకో పుస్తకం. మూడూ పరాయి దేశానివే.

వాటిలోకి వెళ్ళేముందు ఈ వైద్యం సంగతి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. లేకపోతే ఎదురుచూపు దేనికో అర్థం కాదు. ట్రాన్స్‌ప్లాంట్ అనగానే మనకి ఆపరేషను థియేటరూ, తలుపు మీద ఎర్రదీపమూ కళ్ళకి కడతాయి. ఇక్కడ కోతా లేదు, కుట్టూ లేదు. ముందు గట్టి మోతాదు కీమోతో రోగి సొంత మజ్జని ఖాళీ చేస్తారు. ఆపైన దాత మూలకణాలున్న సంచీ తగిలించి, రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు. చూసేవాళ్ళకి ‘ఇంతేనా!’ అనిపిస్తుంది. ఆ రోజుకి సున్నా రోజని పేరు. అక్కణ్ణించి లెక్క. ఆ కణాలు రక్తంలో పడి ప్రయాణం చేసి, ఎముకల లోపల తమ చోటు తామే వెతుక్కుని కాపురం పెట్టాలి. మామూలుగా రెండు నించి నాలుగు వారాలు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వరసగా మూడు రోజులు 500కి తగ్గకుండా నిలబడితే, అప్పుడు డాక్టర్లు ‘ఎన్‌గ్రాఫ్ట్ అయింది’ అంటారు. మా మామగారు జీవితమంతా వరిచేలో గడిపిన మనిషి. ఫోనులో ఈ మాట విని, ‘అంటే మూన తిరిగిందన్నమాట’ అన్నారు. ఊడ్చిన నారు ముందు పసుపు తిరిగి తలవాల్చి, వేరు పట్టుకున్నాక పచ్చగా లేస్తుందే, అదీ. ఇంత చక్కటి తెలుగుమాట పెరట్లో ఉండగా వారం రోజులు అందరం నాలుకలు మెలితిప్పుకున్నాం.

మూన తిరగడంతో పని అయిపోదు. కొత్తగా వచ్చిన కణాలకి ఈ ఒళ్ళు పరాయిల్లు. ఇమడలేకపోతే ఇంటిమీదే యుద్ధం ప్రకటిస్తాయి. చర్మం, పేగులు, కాలేయం, దేన్నన్నా పట్టుకోవచ్చు. అలా కాకుండా మందులిస్తే, ఆ మందుల వల్ల ఏ చిన్న సూక్ష్మజీవి వచ్చినా ఎదుర్కొనే శక్తి ఉండదు. అంచేత పచ్చివి తినకూడదు, పూలు గదిలోకి రాకూడదు, జనం గుమిగూడకూడదు. మనం రోగిని చూడబోతూ పట్టుకెళ్ళే ద్రాక్షపళ్ళు, మల్లెచెండు, చంకన పిల్లాడు మూడూ నిషిద్ధమే. చిన్నప్పుడు వేసిన టీకాలు కొన్నాళ్ళయ్యాక మళ్ళీ మొదటి నించీ వేయించుకోవాలి. దాతది వేరే గ్రూపయితే రోగి రక్తం గ్రూపే మారిపోతుంది. తోబుట్టువు పూర్తిగా సరిపడే అవకాశం నాలుగింట ఒక వంతు. మన దేశంలో ఈ వైద్యం మొదట 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. 1986లో రాయవెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మొదలైంది. అంటే నలభై ఏళ్ళుగా మనవాళ్ళూ రోజులు లెక్కపెడుతూనే ఉన్నారు. నేను చదివిన కథల్లోకి మాత్రం ఆ లెక్క రాలేదు.

మన ఇళ్ళల్లో దీనికి దగ్గరగా ఉండేదేమిటా అని ఆలోచిస్తే పురుడు గుర్తొచ్చింది. గది వేరు, పథ్యం వేరు, చెవుల్లో దూది, బయటివాళ్ళు గుమ్మం దగ్గరే ఆగాలి. సున్నా రోజుని అక్కడ రెండో పుట్టినరోజని కూడా అంటారు. కాకపోతే పురిటికి పదకొండో రోజు స్నానం, ఇరవై ఒకటో రోజు బారసాల, అన్నిటికీ తేదీ ఉంది. తేదీ చెబితే మనం ఎంతైనా ఓర్చుకోగలం. ట్రాన్స్‌ప్లాంట్‌కీ పైకి అలాంటి తేదీ ఒకటి కనబడుతుంది: నూరో రోజు. ఆరోజు పరీక్షలు చేస్తారు, అందరూ ఆ తేదీని కేలండర్లో చుట్టి పెట్టుకుంటారు. చిక్కేమిటంటే నూరో రోజు తర్వాత నూట ఒకటో రోజు వస్తుంది. సులైకా జవాద్ పుస్తకం నాకు నచ్చిందంటే, ఆ నూట ఒకటో రోజుని వదిలిపెట్టకుండా రాసినందుకే.

పుస్తకం పేరు ‘బిట్వీన్ టూ కింగ్‌డమ్స్’. 2021 ఫిబ్రవరిలో అచ్చయింది. ఈ అమ్మాయి 1988లో న్యూయార్కులో పుట్టింది. తండ్రి ట్యునీషియా వాడు, తల్లి స్విట్జర్లాండు మనిషి. ప్రిన్స్‌టన్‌లో చదువు ముగించి, ఉద్యోగానికని పారిస్ వెళ్ళింది. 22 ఏళ్ళు. పుస్తకం దురదతో మొదలవుతుంది. అవును, కాళ్ళ దురద. పెద్ద పెద్ద మాటల్లేకుండా గోకుడుతో మొదలుపెట్టడం చూసి, ఈ అమ్మాయి మాట నమ్మొచ్చు అనుకున్నాను. ఆ దురదా అలసటా పోయి పోయి 2011లో అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాగా తేలాయి. మొదటి కీమో పనిచెయ్యలేదు. ప్రయోగదశలో ఉన్న మందులు పుచ్చుకుంది. 2012 ఏప్రిల్లో తమ్ముడు ఆడమ్ మూలకణాలతో మార్పిడి. అప్పటికే ‘న్యూయార్క్ టైమ్స్’లో ‘లైఫ్, ఇంటరప్టెడ్’ అనే శీర్షిక మొదలెట్టి మంచం మీంచే రాస్తోంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆవిడ మంచిదానిలా కనిపించాలని తాపత్రయపడకపోవడం. మన కథల్లో జబ్బుమనిషి అంటే సంధ్యాదీపం. అందరికీ వెలుగిస్తూ, అందర్నీ క్షమిస్తూ, తెల్లదుప్పటి కింద మెల్లిగా కొడిగడుతుంది. ఈవిడ అలా కాదు. తోటి స్నేహితులు ఉద్యోగాలు, ప్రయాణాలు అంటూ ఎగురుతుంటే కుళ్ళుకుంటుంది. విల్ అని పేరు పెట్టిన స్నేహితుడు, నిండా ఏడాది పరిచయం లేనివాడు, అన్నీ వదులుకుని వచ్చి పక్కన కూర్చుంటే కృతజ్ఞత ఒకవైపు, అతను కాస్త గాలికి బయటికెళ్తే మంట మరోవైపు. జబ్బు మనిషిని గొప్పవాణ్ణి చేస్తుందన్నది ఆరోగ్యవంతులు కనిపెట్టిన మాట కాబోలు. విసుగూ, చిరాకూ, అసూయా ఉన్నవి ఉన్నట్టు రాయడానికి ధైర్యం కావాలి. మరో సంగతి, ఆడవాళ్ళం ముఖ్యంగా గమనించవలసింది: కీమో వల్ల పిల్లలు కలగకుండా పోవచ్చన్న మాట తనంతట తాను అడిగితే కానీ వైద్యులు ఎత్తలేదని రాసింది. ప్రాణం పోతుంటే పిల్లల గొడవేమిటని వాళ్ళు అనుకుని ఉంటారు. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఆ రెండూ వేరు కావని ఎవరికీ తోచలేదు.

నూరు రోజుల మాటొచ్చింది కనుక చెప్తాను. పుస్తకంలో నన్ను పట్టి ఆపిన ఘట్టం ఒకటుంది. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు, ఆసుపత్రిలో రోజులు ఏకు దారంలా సాగుతుంటే, ఇంట్లో తలా ఒక పని నూరు రోజులు చెయ్యాలని పెట్టుకుంటారు. కూతురు రాతపని పెట్టుకుంది. తండ్రి ట్యునీషియాలో తన చిన్ననాటి జ్ఞాపకాలు రోజుకొకటి రాశాడు. తల్లి రోజుకొక పింగాణీ పలక మీద బొమ్మ వేసింది. ఆ పలకలన్నీ చేర్చి డాలులాగా కూతురి మంచం పైన గోడకి పెట్టింది. మన మండలదీక్ష లాంటిదే, కాకపోతే దేవుడి పేరు ఎత్తరు. ఇంత గొప్ప ఘట్టాన్ని రచయిత్రి కొద్దిలో దాటించేసింది. నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. విల్ మనసులో ఏముందో పేజీలకి పేజీలు తవ్వింది. ఆ పలకలు పెట్టుకు కూర్చున్న తల్లి రాత్రిళ్ళు ఏమనుకుందో మనకి తెలియనే తెలియదు. తల్లి సేవ కూతురికి గాలీ నీరూ లాంటిది, కనబడదు. తమ్ముడి సంగతీ అంతే. తన కణాలు పనిచెయ్యకపోతే అక్క పోతుందన్న బరువు ఆ కుర్రాడు ఎలా మోశాడో ఇంకొంచెం చెప్పాల్సింది.

రెండో సగంలో కథ రోడ్డెక్కుతుంది. దాదాపు నాలుగేళ్ళ వైద్యం ముగిశాక అందరూ ‘హమ్మయ్య’ అన్నారు. ఆవిడకి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బతకడమే పని. ఆ పని అయిపోయాక మిగతా మనుషుల్లా ఎలా ఉండాలో మరిచిపోయింది. విల్ వెళ్ళిపోయాడు. ఇదీ నూట ఒకటో రోజు. అప్పుడు కొత్తగా కారు నడపడం నేర్చుకుని, ఆస్కార్ అనే కుక్కని పక్కన ఎక్కించుకుని, తన శీర్షిక చదివి ఉత్తరాలు రాసిన అపరిచితుల్ని చూడటానికి నూరు రోజుల్లో 15,000 మైళ్ళు అమెరికా చుట్టి వచ్చింది. వాళ్ళలో కొడుకు ఆత్మహత్య చేసుకున్న తల్లి ఉంది, ఉరిశిక్ష పడి టెక్సాస్ జైల్లో ఉన్న ఖైదీ ఉన్నాడు. ఒంటరి కొట్లో కూర్చున్నవాడూ, ఆసుపత్రి గదిలో కూర్చున్నదీ ఒకరి ఎదురుచూపు ఒకరు గుర్తుపట్టడం నిజంగా గొప్పగా ఉంది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ సగం కొంత వ్రతకథల పుస్తకంలా తయారయింది. ఒక ఊరు వెళ్ళడం, ఒకరింట్లో దిగడం, వాళ్ళ కష్టం వినడం, ఒక ఫలశ్రుతి మూటగట్టుకుని మళ్ళీ కారెక్కడం. ప్రతివాళ్ళూ సరిగ్గా ఈవిడకి కావలసిన ముక్కే చెప్పి పంపడం నాకు కొంచెం అనుమానంగానే ఉంది. పైగా కోలుకోవాలంటే కారేసుకుని దేశం మీద పడాలన్న ఊహ అమెరికా వాళ్ళది. మన రోగికి ప్రయాణమంటే వారానికి రెండుసార్లు మాస్కు కట్టుకుని ఆసుపత్రికి ఆటోలో వెళ్ళి రావడం. ఇంటాయన సెలవులు అయిపోతాయి, పిల్లాడి పరీక్షలొస్తాయి, బంగారం బ్యాంకులో ఉంటుంది. డబ్బు దిగులు ఈ పుస్తకంలో లేదనను, మన ఇళ్ళల్లో ఉన్నంత దగ్గరగా మాత్రం లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. పుస్తకం వచ్చిన 2021 చివర్లోనే జబ్బు తిరగబెట్టింది. 2022లో రెండో ట్రాన్స్‌ప్లాంట్, మళ్ళీ తమ్ముడే దాత. 2024లో జబ్బు మూడోసారి వచ్చింది. ఇది తెలిసి చదివితే ఆ పుస్తకం ఏమవుతుందా అని నాకు భయం వేసింది. ఏమీ కాలేదు. ‘గెలిచాను’ అని జెండా పాతి ముగించి ఉంటే ఈపాటికి అబద్ధమైపోయేది. ఆవిడ అలా ముగించలేదు. ఆరోగ్యానికీ జబ్బుకీ మధ్య గట్టి సరిహద్దు లేదని, ఆ మధ్యలోనే ఇల్లు కట్టుకోవాలని తేల్చింది. తర్వాత జరిగింది పుస్తకాన్ని కాదనలేదు, ఇంకా గట్టి చేసింది.

సినిమా పేరు ‘అమెరికన్ సింఫొనీ’. మాథ్యూ హైన్‌మన్ తీసిన డాక్యుమెంటరీ, 2023లో వచ్చింది. సులైకా భర్త జాన్ బటీస్ట్ పేరున్న పియానిస్టు, పాటగాడు. ఆయనకి 11 గ్రామీ నామినేషన్లొచ్చిన రోజుల్లోనే ఆవిడకి కీమో మళ్ళీ మొదలైంది. 2022 ఫిబ్రవరిలో రెండో ట్రాన్స్‌ప్లాంట్ కోసం ఆసుపత్రిలో చేరడానికి ముందురోజు ఇంట్లోనే పెళ్ళి చేసుకున్నారు. రొట్టె పొట్లానికి చుట్టే తీగముక్కలే ఉంగరాలు. ఏప్రిల్లో ఆయన 5 గ్రామీలు అందుకున్నాడు, ఆవిడ వెళ్ళలేకపోయింది. సెప్టెంబరులో కార్నెగీ హాల్లో ఆయన సింఫొనీ. సినిమా ఆ కచేరీ వైపు పరిగెడుతుంది. నా పేచీ అక్కడే. కెమెరాకి వేదిక అంటే మోజు. ఆయన చెమటలు కక్కుతూ వాయిస్తున్నంతసేపూ కెమెరా ఆయన చుట్టూ తిరిగింది. మంచం మీదున్న మనిషి ఒక్కోసారి ఆయన పాటకి పల్లవి అందించడానికే ఉన్నట్టుంటుంది. మందుల వల్ల చూపు మసకబారి రాయలేక, ఆవిడ ఆసుపత్రిలో నీటిరంగులతో బొమ్మలు వెయ్యడం మొదలెట్టిన ఘట్టం దగ్గర ఇంకో పది నిమిషాలు కూర్చుంటే వాళ్ళ సొమ్మేం పోయింది?

కానీ ఈ సినిమాలో రెండు చోట్ల నేను నోరు మూసుకున్నాను. ఒకటి, ఆయన ఒక కచేరీలో తర్వాతి పాట సులైకాకి అంకితమని చెప్పి, పియానో మీద చేతులు వెయ్యకుండా అలాగే కూర్చుండిపోతాడు. జనం నిశ్శబ్దం. కెమెరా కదలదు. ఎంతసేపో. అటెండరుగా ఉన్నవాళ్ళందరికీ ఆ ముఖం తెలుసు. రెండోది, వైద్యుడు ఆవిడతో ఇకమీదట కీమోకి ఆఖరు తేదీ లేదని చెప్పడం. ఇందాక తేదీల మాట అనుకున్నాం చూడండి. నూరో రోజు కూడా లేని ఎదురుచూపు అది. ఆ మాట విన్నాక ఆవిడ ముఖంలో ఏడుపు లేదు, లెక్కలు వేసుకుంటున్నట్టుంది. మీరు చూస్తే కార్నెగీ హాలు కోసం కాక ఈ రెండింటి కోసం చూడండి.

ఇక మూడోది. జవాద్ పుస్తకం పేరు సూసన్ సాంటాగ్ నించి వచ్చింది. ఆరోగ్యం ఒక రాజ్యం, అనారోగ్యం ఒక రాజ్యం, మనందరం రెండింటికీ పౌరులమేనన్న ఊహ ఆవిడదే. 1978లో ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ అనే చిన్న పుస్తకంలో, రోగాలకి కవిత్వం పుయ్యకండి, రోగి స్వభావం వల్ల రోగం వచ్చిందనకండి అని చీవాట్లు పెట్టింది. మన దగ్గర ‘ఏ జన్మలో ఏం పాపం చేసిందో’ అనేవాళ్ళకి ఆ పుస్తకం పంచిపెట్టాలి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ సాంటాగ్‌కే 2004లో, 71 ఏళ్ళ వయసులో, సియాటిల్‌లో ఎముకమజ్జ మార్పిడి చేశారు. అది ఫలించలేదు. జబ్బు తిరగబెట్టి ఆ ఏడాది డిసెంబరు 28న పోయింది. కొడుకు డేవిడ్ రీఫ్ 2008లో ‘స్విమ్మింగ్ ఇన్ ఎ సీ ఆఫ్ డెత్’ అని ఆ నెలల గురించి రాశాడు.

ఇది రోగి రాసింది కాదు, పక్కన కూర్చున్నవాడు రాసింది. అందుకే నాకు గుండెలో దిగింది. తల్లికి వినాల్సిన మాట ఒక్కటే: నువ్వు బతుకుతావు. కొడుకు ఆ మాటే అంటూ వచ్చాడు. ఆవిడ పోతానని ఒప్పుకోలేదు కనుక ఆఖరి మాటలు చెప్పుకోవడానికి వీల్లేకపోయింది. తర్వాత ఏళ్ళ తరబడి, ఆ ధైర్యం చెప్పడం తప్పా ఒప్పా అని తనని తాను తవ్వుకున్నాడు. చదవడానికి సుఖమైన పుస్తకం కాదు. ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంది, ఒక్కోచోట విసిగిస్తుంది కూడా. కానీ ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి ఆలోచనలూ అలాగే గుండ్రంగా తిరుగుతాయి. అక్కడ ఆయన నటించలేదు.

ఈ ప్రశ్న పుస్తకంతో పోదు. మొన్న ఫోనులో మా తోడికోడలి తల్లి అడిగారు, ‘ఏమ్మా, దీనికి తగ్గుతుందంటావా?’ అని. ఆవిడకి డెబ్భై దాటాయి. ఆమాట పక్కగదిలోకి వినపడకుండా గొంతు తగ్గించి అడిగారు. తగ్గుతుందంటే రీఫ్ దారి. ఏమో అంటే ఆవిడ ఆ పూట అన్నం మానేస్తారు. ‘అరవైమూడు రోజులు గడిచాయి పిన్నిగారూ, కౌంట్ నిలబడింది, జ్వరం రాలేదు’ అన్నాను. ‘అవును, రాలేదు’ అన్నారు ఆవిడ. జవాద్ దగ్గర నేర్చుకున్నది నాకు ఉపయోగపడిందీ అంటే ఇంతమేరకే. ఆవిడ పుస్తకంలో తగ్గుతుందనీ లేదు, తగ్గదనీ లేదు. ఇవాళ ఏం జరిగిందో ఉంది.

మరి ఈ మూడింటిలో ఏది ఎవరికివ్వాలి? ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్ళు నన్ను అడిగితే, రీఫ్ పుస్తకం ఇప్పుడప్పుడే తెరవద్దంటాను. సినిమా చుట్టాలకి చూపించండి, ‘ఇంకా తగ్గలేదా’ అని అడగడం మానేస్తారు. జవాద్ పుస్తకం మొదటి సగం అటెండర్లకి. రోగి ఎందుకు కసురుతుందో తెలిస్తే కసురు సగం తగ్గినట్టుంటుంది. రోగి చేతికి మాత్రం ఆవిడ అడిగితేనే. మా తోడికోడల్ని అడిగాను, ‘నీలాంటి అమ్మాయే రాసింది, పంపనా?’ అని. ‘అక్కా, నీకు దణ్ణం పెడతాను, జబ్బు లేని పుస్తకమేదన్నా ఉంటే పంపు. వంటలున్నా ఫరవాలేదు’ అంది. తినలేని మనిషి వంటల పుస్తకం చదువుతానంటే ఏమనగలం? రెండు పంపాను. పచ్చళ్ళ ప్రకరణం మీద మనసు పడిందట.

పిన్నిగారికి ఇంగ్లీషు రాదు. అంచేత ఫోనులో ఆ పలకల కథ నేనే చెప్పాను. స్విట్జర్లాండు తల్లి రోజుకొక పింగాణీ పలక మీద బొమ్మ వేసిందనీ, అవన్నీ కూతురి మంచం పైన గోడకి పెట్టిందనీ. ఆవిడ శ్రద్ధగా విని, ‘బాగుందమ్మా. మరి నేను రోజూ మూడుపూటలా ఉడకబెట్టి, గిన్నెలు వేణ్ణీళ్ళలో కడిగి పెడుతున్నానుగా, అది లెక్కలోకి రాదా?’ అన్నారు.

వస్తుంది. పైగా ఆవిడ దగ్గర రాత కూడా ఉంది. పాలవాడి లెక్క కోసం కొన్న పుస్తకంలో, పాలలెక్క పక్కనే, మొదటిరోజు నించీ కూతురి వివరాలు వేసుకుంటున్నారు. పోయిన నెల వెళ్ళినప్పుడు చూశాను. పెన్సిలు రాత, కొట్టివేతలు, ఒకచోట కూర తాలింపు మరక. సున్నా రోజు దగ్గర ‘సంచీ’ అని ఒక్క మాట. పదకొండు నించి పదహారు దాకా ఏమీ లేదు. ఆ రోజుల్లో పిల్ల నోరంతా పుండ్లతో మాట్లాడలేకపోయింది. పదిహేడో రోజు ‘520’ అని రాసి చుట్టూ సున్నా చుట్టారు. నిన్నటి పేజీ నాకు ఫోనులో చదివి వినిపించారు: ఇడ్లీ ఒకటిన్నర, మధ్యాహ్నం సగ్గుబియ్యం జావ, రెండుసార్లు వరండాలో నడిచింది, నా మీద విసుక్కుంది, పాలు అరలీటరు ఎక్కువ.